నాలుగో వారం

డిసెంబర్ 19, శుక్రవారం

ఉమ్మనీరు కాస్త తక్కువగా ఉందట, భయపడాల్సిన పని లేదట అని ప్రమీలకు చెప్పాను. ఇంటికొచ్చాక అమ్మకూ అదే చెప్పాను.

డిసెంబర్ 20

ఎవరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. ఈ డైరీ నా డ్యూటీ బ్యాగులో ఉంటుంది. టికెట్ మెషీను ఉండే ఆ బ్యాగును ఇంట్లో ఎవరూ ముట్టుకోరు.

నిన్న తెనాలిలో స్కానింగ్ అయ్యాక డాక్టరుగారు ప్రమీలను బయట కూర్చోమని నన్ను లోపలికి పిలిచారు. మొదట అడిగింది, "మీది మేనరికమా?" అని.

"అవునండి. మా మేనమామ కూతురే."

ఆవిడ తల ఊపి, "గంగాధర్ గారూ, బిడ్డకు గుండె బాగా కొట్టుకుంటోంది. కాళ్ళూ చేతులూ బాగున్నాయి. కానీ తల పైభాగం ఏర్పడలేదు. పుర్రెకు పైకప్పు లేదు. దాని కింద ఉండాల్సిన పెద్ద మెదడు లేదు" అన్నారు.

"మరి చిన్న మెదడు ఉందాండి?" అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న! ఆవిడ నవ్వలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. బిడ్డ మొదట్లో పల్చటి రేకులా ఉంటుందట. ఆ రేకు అంచులు రెండూ పైకి లేచి, ఒకదాన్నొకటి అంటుకుని గొట్టంలా మూసుకుంటాయట. ఆ గొట్టమే కిందంతా వెన్నుపాము అవుతుంది. పై కొస ఉబ్బి, మడతలు పడి మెదడు అవుతుంది. మా బిడ్డకు ఆ పై కొస మూసుకోలేదు.

"ఎప్పుడు జరిగిందండి ఇది?"

"కడుపున పడిన నాలుగో వారంలో. అప్పటికి మీ ఆవిడకి నెల తప్పినట్టు కూడా సరిగా తెలిసుండదు."

ఆపరేషన్ లేదు. పుట్టాక కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు. ఇప్పుడైతే తీసేయొచ్చు. ఇరవై నాలుగు వారాలు దాటితే గుంటూరులో డాక్టర్ల బోర్డు ముందుకు వెళ్ళాలి. "ఆమెని పిలవండి, ఇద్దరికీ కలిపి నేనే చెబుతాను" అన్నారు.

"వద్దండి. నేనే చెబుతాను. నా నోటితో చెబితేనే తట్టుకుంటుంది" అన్నాను. ఆ మాట నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

బయట ప్రమీల ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు తింటోంది. నాకొకటి అందించి, "ఏంటంట బావా?" అంది. పెళ్ళయిన ఆరేళ్ళకు నిలిచిన కడుపు. ఆ ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను. నీరు తక్కువగా ఉందట అన్నాను.

డిసెంబర్ 22

చెబుదామనుకున్నాను. అమ్మ ఎదురుగా ఉంది.

డిసెంబర్ 24

ఉదయం డ్యూటీకి బయల్దేరుతుంటే ప్రమీల నా చెయ్యి లాక్కుని పొట్టకు ఆనించుకుంది.

"కదిలింది బావా! చేప తోక కొట్టినట్టు!"

సూర్యలంక ఒడ్డున చేపల మధ్య పెరిగిన పిల్ల. ఏ సంతోషం వచ్చినా దానికి చేపలే గుర్తొస్తాయి. నా అరచేతికి ఏమీ తెలియలేదు. తెలిసిందన్నాను.

బస్సులో, భట్టిప్రోలు దాటాక, ఫోనులో వెతికాను. కాళ్ళు ఆడించడానికి పెద్ద మెదడు అక్కర్లేదట. వెన్నుపాము, దాని పై కొసన ఉండే మెదడు కాండం చాలట. గుండె లయ, ఊపిరి, ఎక్కిళ్ళు అన్నీ దాని పనే. పదో తరగతిలో ఈ బొమ్మ వేసి భాగాలు గుర్తించాను. మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం. నాలుగు మార్కులకు నాలుగూ వచ్చాయి. మా అమ్మ వెంకటసుబ్బులు ఎండుచేపలు అమ్మి నన్ను చదివించింది, పడవ ఎక్కకూడదని.

డిసెంబర్ 29

తెనాలి ఆసుపత్రి నుంచి ఫోను. "సార్, మేడమ్ అడుగుతున్నారు, మీ ఆవిడకి చెప్పారా?" బస్సులో ఉన్నాను, రాత్రికి చేస్తానన్నాను. చెయ్యలేదు.

జనవరి 2

వేమూరులో ఎక్కిన ఒక పెద్దావిడ పక్కావిడతో చెబుతోంది. ఆమె కోడలికి కడుపులో బిడ్డ నిలవదన్నారట డాక్టర్లు. ఆ పిల్లాడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడట. స్కానింగులు అన్నిసార్లూ నిజం కావు. యంత్రమే కదా. మా టికెట్ మెషీను ఎన్నిసార్లు తప్పు స్టేజీ కొట్టలేదు!

పండగ రద్దీ తగ్గాక వేరేచోట చూపిస్తాను. అప్పటిదాకా ప్రమీల సంతోషం ఎందుకు పాడుచెయ్యడం?

జనవరి 5

ఇది కూడా రాసేస్తాను.

సెప్టెంబర్ మొదట్లో చంద్రగ్రహణం వచ్చింది. ఇంట్లోంచి కదలొద్దని అమ్మ ఆరోజు చెబుతూనే ఉంది. కడుపు సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అది మామూలుగా చెప్పే మాటే. అమ్మ నిద్రపోయాక ప్రమీలను నేనే డాబా మీదికి పిలిచాను. చంద్రుడు రాగిచెంబులా ఎర్రగా ఉన్నాడు. ఇద్దరం గోడకానుకుని చూశాం. వద్దంటూనే వచ్చింది. నా కోసం వచ్చింది.

డాక్టరుగారు చెప్పిన నాలుగో వారం, లెక్క వేస్తే, సరిగ్గా అప్పుడే పడుతోంది.

గ్రహణాలను నేను నమ్మను. నమ్మను కాబట్టే పిలిచాను.

జనవరి 10

అమ్మకు ఈ సంగతి చెబితే మొదట గ్రహణమే అంటుంది. అప్పుడు ప్రమీల నా వంక చూస్తుంది.

జనవరి 16, శుక్రవారం

పండగ స్పెషల్ బస్సులు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళను తెనాలిలో ఎక్కించుకోవడం, రేపల్లె చేర్చడం. నిలబడటానికి చోటు లేదు. ఇవాళ్టితో ఇరవై నాలుగు వారాలు పూర్తయ్యాయి. పనిలో పడి మరిచిపోయాననుకుందామని చూశాను. మరిచిపోలేదు. తారీఖు మెషీను కొట్టే ప్రతి టికెట్ మీదా ఉంటుంది.

జనవరి 21

ఆసుపత్రి నుంచి మళ్ళీ ఫోను వచ్చింది. గుంటూరులో చూపించుకుంటున్నామండి అన్నాను. అబద్ధం చెప్పడం తేలికవుతోంది.

స్కానింగ్‌కు ఎప్పుడెళదామని ప్రమీల అడుగుతోంది. ఎక్కువసార్లు తీయిస్తే బిడ్డకు మంచిది కాదంట అన్నాను.

ఫిబ్రవరి 3

పొట్ట బాగా పెరిగింది. ఏడో నెలకే తొమ్మిదో నెలలా ఉంది. అమ్మ మురిసిపోతోంది. "చూడరా, ఎంత పుష్టిగా ఉన్నాడో మనవడు!"

నేను చదివాను. ఇటువంటి బిడ్డ ఉమ్మనీరు సరిగా మింగలేదట. మింగనిదంతా నిలిచిపోయి నీరు పెరుగుతుందట. నేనేమో తక్కువన్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

గాజుల వేడుక. వద్దంటే అమ్మ వినలేదు. నేను గట్టిగా వద్దన్నానా? లేదు. బాపట్ల నుంచి ప్రమీల అక్క కనకమహాలక్ష్మి వచ్చింది. ఆకుపచ్చ గాజులు, ఎర్ర గాజులు మోచేతిదాకా. వీధిలో ఆడవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు పొట్ట మీద చెయ్యి పెట్టి దీవించారు. ప్రమీల నవ్వు ఎంత బాగుందో. ఇంత సంతోషం ఇచ్చాను కదా అనుకున్నాను.

లడ్డూ తిన్నాను. రెండు తిన్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

తెలిసిపోయింది.

ఇవాళ నాకు బాపట్ల డ్యూటీ. మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చేసరికి ప్రమీల అరుగు మీద కూర్చుని ఉంది. ఊరెళ్ళిన చీరే ఇంకా మార్చుకోలేదు. చేతులకు ఒక్క గాజూ లేదు.

"ఎక్కడికెళ్ళావ్?"

"తెనాలి. ఆయాసంగా ఉంటోందిగా. నువ్వేమో ఇవాళ రేపు అంటున్నావు. ఆడోళ్ళకి బస్సు ఊరికేగా, నేనే ఎక్కేశా."

నేను చెప్పులు విప్పలేదు.

"స్కానింగ్ చేసి డాక్టరమ్మ నన్నే అడిగింది. మీ ఆయన చెప్పలేదామ్మా, అని. నాకేం తెలుసు? నీరు తక్కువన్నాడండీ అన్నా. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది బావా. అట్టా పెట్టిందంటేనే నాకు భయమేసింది."

"ప్రమీలా, నువ్వు తట్టుకోలేవని..."

"నేను తట్టుకోలేనని నీకు ఎవరు చెప్పారు?"

వీధిలో ఎవరో వెళ్తున్నారు. గొంతు తగ్గించలేదు.

"నా కడుపు ఇది. లోపల ఏముందో నీకు తెలుసు, ఆవిడకి తెలుసు, ఆ ఫోను చేసే పిల్లకి తెలుసు. నాకు తప్ప. రోజూ దానికి కబుర్లు చెప్పుకున్నా. నువ్వు పక్కన పడుకుని విన్నావు. ఎట్టా విన్నావు బావా?"

నేను అరుగు అంచున కూర్చున్నాను.

"స్కానింగ్ రోజున చెప్పుంటే ఏడ్చి తీయించుకునేదాన్ని. అప్పటికి ఇంకా కదల్లా. ఇప్పుడు దానికి పొద్దున్నొకసారి ఎక్కిళ్ళొస్తాయి. నేను ఎడం పక్కకి తిరిగితే తంతది. ఇప్పుడెళ్ళి తీసేయమని అడగాలా? నువ్వు అడుగుతావా?"

లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. డ్యూటీ దిగి వస్తే రోజూ పెట్టినట్టే. తర్వాత వెళ్ళి అమ్మ గదిలో పడుకుంది.

ఫిబ్రవరి 13

అమ్మకు ప్రమీలే చెప్పిందట. అమ్మ తల బాదుకుంది. "గ్రహణం రా! ఆ పాడు గ్రహణం! ఏ కత్తిపీటో ముట్టుకునుంటది" అంది. ప్రమీల డాబా సంగతి ఎత్తలేదు. నా వంక చూడనూ లేదు. చూసి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 20

ముగ్గురం తెనాలి వెళ్ళాం. బస్సులో ప్రమీల అమ్మ పక్కన కూర్చుంది.

ప్రశ్నలన్నీ ప్రమీలే అడిగింది.

"మా మాటలు వింటదాండి?"

"చప్పుడుకి ఉలిక్కిపడొచ్చమ్మా. కానీ అది అమ్మ గొంతు అని తెలుసుకునే భాగం లేదు."

"నొప్పి?"

"నొప్పి అని తెలియాలన్నా ఆ పైమెదడే ఉండాలి. బాధపడుతుందని మేము అనుకోం."

అమ్మ గ్రహణం సంగతి అడిగింది. డాక్టరుగారు విసుక్కోలేదు. "గ్రహణాలు లేని నెలల్లో కూడా ఇట్టాంటి బిడ్డలు పుడతారమ్మా. ఒంట్లో ఫోలిక్ ఆసిడ్ తక్కువైతే కావచ్చు, మేనరికం వల్ల కావచ్చు, కొందరికి ఏ కారణమూ దొరకదు. ఆ బిళ్ళలు కడుపు రాకముందే మొదలుపెట్టాలి. అందరూ మూడో నెలలో వస్తారు. అప్పటికి మూసుకోవాల్సింది మూసుకునే ఉంటుంది, లేదా ఉండదు."

మేమూ మూడో నెలలోనే వచ్చాం.

నేను గ్రహణం సంగతి మళ్ళీ అడగాలనుకున్నాను. ఇంకొక్కసారి కాదని చెప్పించుకోవాలని.

గుంటూరు బోర్డుకు కాగితాలు రాసిస్తానన్నారు. ప్రమీల చాలాసేపు కింద టైల్స్ వంక చూసింది. "వద్దండి. దాన్ని నేను పంపను. అదెప్పుడు పోతే అప్పుడు" అంది. ఎవరి వంకా చూడకుండా అంది. నన్ను అడగలేదు. డాక్టరుగారు నా వంక చూశారు. నేను తల దించుకున్నాను.

ఫిబ్రవరి 26

మాట్లాడుతుంది. అన్నం తిన్నావా, పాలు పొంగాయి, గ్యాసు అయిపోయింది. అంతే.

మార్చి 3, మంగళవారం

ఇవాళ మళ్ళీ చంద్రగ్రహణం. సాయంత్రం విడుపట. అమ్మ మధ్యాహ్నం నుంచే కిటికీలు మూసి, నీళ్ళలో, పచ్చడి జాడీలో దర్భలు వేసింది. ప్రమీలను లోపలి గదిలో కదలకుండా పడుకోమంది. నేను ఇంట్లోనే ఉన్నాను.

ఆరు దాటాక ప్రమీల లేచింది. రెండు చేతులూ నడుముకు ఆనించుకుని, గోడ పట్టుకుంటూ వెళ్ళి తలుపు తీసింది.

"అమ్మాయ్, నీకు పుణ్యముంటది, గడప దాటబాకే!"

"ఇంకేం పోతది అత్తా?"

అరుగు మీద కూర్చుంది. చంద్రుడు కొబ్బరిచెట్ల వెనక కొరికినట్టుగా లేచాడు. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తనూ వెళ్ళి ప్రమీల పక్కన కూర్చుంది. జన్మలో గ్రహణం చూసిన మనిషి కాదు మా అమ్మ. దాని చెయ్యి తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది.

నేను గుమ్మం ఇవతలే ఉండి, "ఆరోజు డాబా మీదికి పిలిచింది నేనే అమ్మా" అన్నాను.

"తెలుసు. అదెప్పుడో చెప్పింది" అంది అమ్మ, వెనక్కి తిరక్కుండా. "నిన్ను ఏమీ అనొద్దని కూడా చెప్పింది."

మార్చి 12

పొద్దున్నే ఉమ్మనీరు పోయింది. ఆటో తెనాలి చేరేదాకా అమ్మ పాత చీరలు ఒకదాని తర్వాత ఒకటి పిండుతూనే ఉంది.

ఆడపిల్ల.

మార్చి 15

ఇప్పుడు రాయగలను.

ప్రసవం తేలిగ్గానే అయింది. పాప ఏడవలేదు. చిన్న మూలుగులాంటిది వినిపించిందట అమ్మకు. నర్సు పాపను తుడిచి, గుడ్డలో చుట్టి, తలకు ఊలు టోపీ పెట్టి, కనుబొమల దాకా లాగి నాకు ఇచ్చింది. అంతకుముందే నేను ఆమెను పక్కకు పిలిచి, "టోపీ తియ్యొద్దండి. ఆవిడకి చూపించొద్దు" అని చెప్పాను.

టోపీ కింద ముఖం చూశాను. ఎన్ని నెలలుగా భయపడ్డానో ఆ ముఖానికి. ఫోనులో చూసిన బొమ్మలు కళ్ళ ముందు ఆడేవి. పాప కళ్ళు కొంచెం ఉబ్బి ఉన్నాయి, అంతే. ముక్కు మా అమ్మది. పెదవి ప్రమీలది. నా వేలు దాని అరచేతికి తగిలితే పట్టుకుంది. ఆ పట్టు వెన్నుపాము పని అని నాకు తెలుసు. తెలిసినా వేలు వెనక్కి తీసుకోలేదు.

ప్రమీల పక్కన పడుకోబెట్టాను. తను టోపీ మీద చెయ్యి వేసింది.

"తియ్యొద్దు ప్రమీలా" అన్నాను.

"మళ్ళీ నువ్వేనా చెప్పేది?"

నర్సు గోడ వైపు తిరిగింది. ప్రమీల టోపీ అంచు కింద రెండు వేళ్ళు పెట్టి, మెల్లగా, పుండు మీద గుడ్డ తీసినట్టు తీసింది. నేను కిటికీ వంక చూశాను.

"చూడు" అంది. "రెండు నెలలు ఒక్కడివే మోశావుగా దీన్ని. చూడు."

చూశాను. కనుబొమల పైన నుదురు మొదలై ఆగిపోయింది. ఆ పైన ఎముక లేదు, జుట్టు లేదు. ఎర్రగా, మెత్తగా, తడిగా ఒక పొర. మెడ వెనక మాత్రం నల్లటి నూగు. మూసుకోవాల్సిన చోటు తెరుచుకునే ఉండిపోయింది. డాక్టరుగారు కాగితం మీద గీసింది అదే. కాగితం మీద అది ఊపిరి పీల్చలేదు.

ప్రమీల తన అరచేతిని ఆ చోట ఆనీ ఆననట్టుగా కప్పి ఉంచింది. అట్లాగే ఉంది. పాలు ఒక చుక్క పాప పెదవికి రాసింది. మధ్యలో ఒకసారి నా వంక చూసి, "చెయ్యి లాగుతోంది, నువ్వు పెట్టు" అంది. నేను పెట్టాను. వెచ్చగా ఉంది. లోపల నాడి కొట్టుకుంటోంది, నా అరచేతిలో.

సాయంత్రం ఎండ గోడ దిగకముందే ఊపిరి ఆగింది. ముందు ప్రమీలకే తెలిసింది.

మర్నాడు రేపల్లె తీసుకొచ్చి పూడ్చాం. ఆడవాళ్ళు రాకూడదన్నారు. ప్రమీల వచ్చింది. బాలింత అని ఎవరో అంటే అమ్మ వాళ్ళ మీద విరుచుకుపడింది.

మార్చి 29

పాలు ఆగడానికి మాత్రలు ఇచ్చారు. ఆగలేదు. స్నానాల గదిలో పిండుకుంటుంది. నీళ్ళు పోసుకునే చప్పుడు చాలాసేపు వినిపిస్తుంది.

ఏప్రిల్ 7

బాపట్ల వెళ్ళింది, అక్క దగ్గరికి. ఎన్నాళ్ళని అడగలేదు. అక్కణ్ణుంచి సూర్యలంక వెళ్ళి నాన్న సింగయ్య దగ్గర కూడా ఉండి వస్తానంది. అమ్మ ఉప్పుచేప పొట్లం కట్టి ఇస్తే, "వెళ్ళేదే ఒడ్డుకి అత్తా" అని కొంచెం నవ్వింది. అమ్మతో.

ఏప్రిల్ 19

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. దాని బాధ తగ్గించాలని చెప్పలేదు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇవాళ బస్సు ఖాళీగా ఉంటే వెనక సీట్లో కూర్చుని ఆలోచించాను. చెబితే ఏడుస్తుంది, ఆ ఏడుపు ముందు నేను కూర్చోవాలి. దానికి భయపడ్డాను. అంతే. ఇంకే కారణమూ లేదు.

ఏప్రిల్ 28, మంగళవారం

నిన్న ప్రమీల వచ్చింది. ఇవాళ తెనాలిలో డాక్టరుగారిని కలవాలి. సెలవు పెడతానన్నాను. "అక్కర్లా. నువ్వు డ్యూటీకి పో. నేనెళ్ళొస్తా" అంది. నా బస్సే ఎక్కింది. ఆడవాళ్ళ సీట్లో, కిటికీ పక్కన. సున్నా టికెట్ కొట్టి ఇచ్చాను. తీసుకుని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

భట్టిప్రోలులో ఒక ముసలావిడ, లక్ష్మమ్మ అట, ఎక్కి దాని పక్కన కూర్చుంది. కాసేపటికే మొదలుపెట్టింది.

"పిల్లలెంతమంది అమ్మాయ్?"

నేను ఆ వెనక సీటు దగ్గరే టికెట్లు కొడుతున్నాను. నా చెయ్యి ఆగింది.

"ఒక్కతే. ఆడపిల్ల" అంది ప్రమీల. "తల పెరగలేదు. పొద్దున పుట్టి సాయంత్రం పోయింది."

ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముందు సీటులో ఇద్దరు వెనక్కి తిరిగారు.

"అయ్యో తల్లీ! మీ ఆయన ఏం చేస్తాడు?"

ప్రమీల ఒక్కసారి నా వైపు చూసి, కిటికీ వైపు తిరిగింది. ముసలావిడ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, "ఆ కండక్టరబ్బాయి మీవాడా?" అంది.

"తెలిసినాయన" అంది.

తెనాలిలో దిగి నడిచి వెళ్ళిపోయింది.

సాయంత్రం నాకంటే ముందే ఇల్లు చేరింది. నేను రాగానే నీళ్ళు పెట్టి, కూర్చోమంది. అమ్మనూ పిలిచింది. చెప్పడం మొదలుపెట్టింది. గర్భసంచి బాగానే ఉందట. రక్తం తక్కువగా ఉంది, మాత్రలు వాడాలట. మళ్ళీ కావాలనుకుంటే కొన్నాళ్ళు ఆగాలట. ఆగినన్నాళ్ళూ ఫోలిక్ ఆసిడ్ బిళ్ళ రోజూ వేసుకోవాలి, మామూలుది కాదు, ఎక్కువ మోతాదుది. వేసుకున్నా మళ్ళీ ఇట్టా జరగదని చెప్పలేమన్నారట. వందమందిలో ముగ్గురికో నలుగురికో జరుగుతుందట. మూడో నెలలోనే స్కానింగ్ తియ్యాలట. మళ్ళీ కావాలో వద్దో తనకు ఇంకా తెలియదని డాక్టరుగారితో చెప్పిందట. తొందరేం లేదన్నారట ఆవిడ. మధ్యలో ఏడుపు వస్తే కళ్ళు తుడుచుకుని వదిలేసిన మాట దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. నేను లేవలేదు. ఆ ఏడుపు ఎదురుగా కూర్చుని మొత్తం విన్నాను.

అన్నీ చెప్పాక, "అంతే. ఇంకేం దాచలా" అంది. గ్లాసు తీసుకుని లేచింది.

"ఇట్టా చెప్పాలి బావా."